దారి కట్టిన రోజు పేలిన నక్షత్రం

నా కోపం సంగతి మా బొండగుమ్మిలో మేకలకు కూడా తెలుసు. బెంగుళూరులో ఉండే సురేంద్ర గారికి మాత్రం అది కాస్త ఆలస్యంగా, ఫిబ్రవరిలో ఒక వీడియో మీటింగులో తెలిసింది. సిగ్నలు లేని ఊళ్ళో ఉండే మనిషిని డ్యూటీలో ఎలా వేస్తాం, మీరే చెప్పండి సోములమ్మ గారూ అన్నారాయన, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో సిగ్నలు ఉందనీ, రోడ్డు మలుపులో నిలబడితే రెండు గీతలు వస్తాయనీ, నిలబడటానికి నాకు కాళ్ళున్నాయనీ చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను, మిగతా ఏడుగురూ తమ మైకులు ఆపేసుకున్నారు.

నేను అరకులోయలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్సు చెబుతాను. మిగిలిన వేళల్లో సురేంద్ర గారి బృందంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది గామా కిరణాల మెరుపుల పని. ఎక్కడో చాలా దూరంలో బాగా బరువైన నక్షత్రం ఒకటి కూలిపోయేటప్పుడు అలాంటి మెరుపు పుడుతుంది. మెరుపు ఉండేది కొద్ది సెకన్లే. దాని వెనక వచ్చే ఎక్స్‌రే వెలుగు మాత్రం కొన్ని గంటలపాటు తగ్గుతూ తగ్గుతూ నిలుస్తుంది. పైన తిరిగే ఉపగ్రహం ఒకటి మెరుపును పసిగట్టి, నిమిషం రెండు నిమిషాల్లో అటు తిరిగి, ఏ శక్తి ఉన్న ఎక్స్‌రేలు ఎన్ని వచ్చాయో విడదీసి కిందికి పంపుతుంది. దాన్నే స్పెక్ట్రమ్ అంటాం. దారిలో వాయువు ఉంటే తక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలను అది మింగేస్తుంది. ఎంత మింగిందో చూసి, పోయిన నక్షత్రం చుట్టూ ఏముండేదో చెప్పొచ్చు. అంటే అందరూ మెరుపును చూస్తుంటే నేను దాని చుట్టుపక్కల చూస్తానన్నమాట. చిన్నమ్మలు అనే మా పెద్దమ్మ దీన్ని "సచ్చినోళ్ళింటి సుట్టూ తిరగడం" అంటుంది. ఇంతకంటే మంచి వివరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

డ్యూటీ అంటే వారానికొకరు మెలకువగా ఉండటం. మెరుపు కబురు ఫోనుకు రాగానే డ్యూటీలో ఉన్న మనిషి మొదటి స్పెక్ట్రమ్ చూసి, ఇది మామూలుదా, మంచిదా తేల్చాలి. మంచిదైతే ఇంకా పెద్ద ఉపగ్రహాన్ని అటు తిప్పమని అర్జీ పెట్టాలి. అలా తిప్పించుకునే అవకాశం మా బృందానికి ఆ ఏడాది ఒక్కటే మిగిలింది, అదీ ఏప్రిల్ నెలాఖరుతో చెల్లిపోతుంది. నా థీసిస్ అంతా మెరుపు తర్వాతి మొదటి గంట మీదే. డ్యూటీ లేకపోతే ఆ మొదటి గంట నాది కాదు, వేరేవాళ్ళు చూసి వదిలేసింది నేను తర్వాత ఏరుకోవాలి. లేదా ఊరు వదిలి బెంగుళూరు వెళ్ళి కూర్చోవాలి. నాకు వెళ్ళాలని లేదు. మా కాఫీ తోట, నా క్లాసులో ముందు బెంచీ ఖాళీగా వదిలి వెనక బెంచీ కోసం కొట్టుకునే పిల్లలు, పొయ్యి దగ్గర కూర్చుని నా చదువు గురించి ఎగతాళి చేసే పెద్దమ్మ, ఇవన్నీ ఉన్నచోటే ఈ పని కూడా ఉండాలని నా పంతం. చివరికి సురేంద్ర గారు ఏప్రిల్‌లో ఒక వారం ఇచ్చారు. ఈసారి చూద్దాం, తప్పితే మళ్ళీ అడగొద్దు అన్నారు.

ఆ వారంలోనే ఇటుకల పండగ పడింది. పడుతుందని ముందు నాకూ తెలీదు, ఎవరికీ తెలీదు. ఊరి పెద్దలు కూర్చుని ఫలానా రోజు అని చెప్పేదాకా మా పండగకు తేదీ ఉండదు.

పండగ రోజుల్లో మగాళ్ళు పొద్దున్నే విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఖాళీ చేతులతో తిరిగొస్తే వాళ్ళ మీద పేడనీళ్ళు పోస్తాం. వాళ్ళు వచ్చేదాకా ఊరూ దారీ ఆడవాళ్ళవే. రోడ్డుకు అడ్డంగా ఒక కర్ర కట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపుతాం. పండగ డబ్బులిస్తే కర్ర లేస్తుంది, ఇవ్వలేకపోతే మాతో పాటు వరస కట్టి ధింసా ఆడాలి. జీపైనా సరే, ఆఫీసరు గారి కారైనా సరే. మా ఊళ్ళో ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఆపిన మనిషి సంచి ఒకసారి కర్రకు తగిలించామంటే, అతనికి కడుపుకింత పెట్టకుండా దాన్ని విప్పకూడదు. ఆకలితో పంపితే అడవిలో మనవాళ్ళకు వేట దొరకదని పెద్దవాళ్ళ నమ్మకం.

మేము కర్ర కట్టేది రోడ్డు మలుపులోనే. సిగ్నలు వచ్చేది కూడా సరిగ్గా అక్కడే. ఫోనును ప్లాస్టిక్ కవరులో పెట్టి గుంజకు కట్టాను, లాప్‌టాప్ సంచి పక్కన పెట్టుకున్నాను. డ్యూటీకి డ్యూటీ, పండగకు పండగ అని నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండు రోజుల కిందట గాలివానకు కరెంటు తీగలు తెగి, పనసవలస కొండ మీద టవరు బ్యాటరీలతో నడుస్తోందని విన్నాను కానీ పట్టించుకోలేదు. గీతలు రెండు నుంచి ఒకటికి దిగినా, ఒకటి ఉంది కదా అనుకున్నాను.

తొమ్మిదిన్నర దాటాక మోటారు సైకిలు మీద ఒక కుర్ర మెకానిక్ వచ్చాడు. పేరు రవిబాబు, బొబ్బిలి వైపు మనిషి, ఏజెన్సీకి వచ్చి పది రోజులు కూడా కాలేదట. మా పెద్దమ్మ కర్ర దగ్గర అతన్ని నిలబెట్టి డబ్బులడిగింది. చేతిలో నోట్లు లేవు, ఫోనులో పంపుతానన్నాడు. పంపబోతే చక్రం తిరుగుతోందే గాని డబ్బు కదలదు. అర్జంటు పని మీద వెళ్తున్నాను, వదలండి అన్నాడు. అప్పుడు ముందుకొచ్చింది నేనే. ఈ రోడ్డు మీద అర్జంటు లేనోడు ఎవడొచ్చాడని దబాయించాను. భుజానున్న సంచి నేనే లాక్కుని కర్రకు తగిలించాను. మూడు చుట్లు ఆడితే గాని సంచి లేదన్నాను. ఏ పని మీద వెళ్తున్నావని ఒక్కమాట అడగలేదు.

అతను పాపం ఆడాడు. మా వాళ్ళు నడుముల వెనక చేతులు గుచ్చుకుని వరసగా ఊగుతుంటే, మధ్యలో అతను బూట్లతో ఎగురుతూ ముందుకు పడాల్సిన అడుగు వెనక్కీ, వెనక్కి పడాల్సింది నా కాలి మీదా వేస్తున్నాడు. నవ్వలేక చచ్చాం. రెండో చుట్టులో ఉండగా గుంజ మీద నా ఫోను గురగురలాడింది. వరసలోంచి చేతులు పీక్కుని పరిగెత్తాను. పదీ పన్నెండుకు మెరుపు. ఎక్స్‌రే వెలుగు దొరికింది, బాగా ప్రకాశంగా ఉంది. స్పెక్ట్రమ్ కోసం నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది, ఉన్న ఒక్క గీతా పోయింది.

ఫోను ఎత్తి పట్టుకున్నాను, బండరాయి ఎక్కాను, ఏమీ లేదు. మా వాళ్ళు పాట ఆపి నన్ను చూస్తున్నారు. రవిబాబు చెమట తుడుచుకుంటూ నెమ్మదిగా దగ్గరికొచ్చాడు.

"సిగ్నలు పోనాదా అండీ? బ్యాటరీలు అయిపోనాయేమో. నాను ఎల్తన్నది ఆ టవరు కాడికే. సామానం ఆ సంచిలో ఉంది."

ఆకాశం చూడటానికి రెండు నెలలుగా గొడవపడి సంపాదించుకున్న వారంలో, నాకు కావలసిన మెరుపు వచ్చిన వేళకు, టవరు బాగుచేసే మనిషిని దారిలో ఆపి గంతులేయిస్తున్నది నేను. అరుద్దామంటే నేను తప్ప ఎవరూ లేరు. ఇంకెవరైనా ఈ పని చేసి ఉంటే వాళ్ళ ఏడు తరాలనూ తిట్టి ఉండేదాన్ని.

అర్జీ మధ్యాహ్నం రెండు లోపల వెళ్ళాలి. ఆ తర్వాత వచ్చినవాటిని పెద్ద ఉపగ్రహానికి ఆ రోజు పంపే ఆదేశాల్లో చేర్చరు, మరునాటికి ఈ వెలుగు చల్లారిపోతుంది. అరకు వైపు వెళ్దామంటే దారిలో పది కర్రలు. టవరు వైపు నేరేడుపుట్టు, పనసవలస, రెండే. నేను ఊరుకుంటే సురేంద్ర గారు చూస్తారు, కానీ ఆయన మొత్తం వెలుగును ఒకటిగా కలిపి చూసే మనిషి. నాకు కావలసింది మొదటి నిమిషాలు విడిగా. అదీ కాక, నా వారంలో నేను లేనని తేలిపోతుంది.

సంచి విప్పబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. అన్నం పెట్టకుండా విప్పకూడదంది. అన్నం ఇంకా పొయ్యి మీదే ఉంది. నేను ఏదో అనబోయేలోపల ఆవిడ తన కోసం రాగి పిండితో కాచి తెచ్చుకున్న చోడి అంబలి దొప్పలో పోసి రవిబాబుకిచ్చింది. అతను రెండు దొప్పలు గడగడా తాగాడు, మూడోది వద్దన్నాడు, ఆవిడ ఒప్పుకోలేదు. సంచి చేతికొచ్చింది. వెళ్దాం పదమంటే పెద్దమ్మ కూడా బండెక్కి నా వెనక కూర్చుంది. నువ్వెందుకంటే, నీ మాట వింటే ఎవరైనా కర్ర దించుతారుగాని ఎత్తరు అంది. ఒక బండి మీద ముగ్గురం, లాప్‌టాపు, టవరు సామానూ బయల్దేరాం. రోడ్డుకు రెండు వైపులా కాఫీ పూసి తెల్లగా ఉంది, ఆ వాసనకు మామూలు రోజైతే బండి ఆపించి నిలబడేదాన్ని.

నేరేడుపుట్టు కర్ర దగ్గర పెత్తనం ఆసుపత్రి నర్సు కృపావతిది. ఆదివారం చర్చి మానదు, ఇటుకల పండగకు కర్ర దగ్గర అందరికంటే ముందుంటుంది. నిరుడు ఆవిడ పని నుంచి అలిసిపోయి వస్తుంటే మా ఊరి దగ్గర అరగంట ఆడించింది నేనే. నన్ను చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను బండి దిగి, క్లాసులో చెప్పినట్టు మొదటి నుంచీ చెప్పాను, నక్షత్రం కూలడం, కిరణాలు, వాయువు, స్పెక్ట్రమ్, అన్నీ. అందరూ బుద్ధిగా విన్నారు. అయిపోయాక కృపావతి ఒక్క ప్రశ్న వేసింది.

"ఆ నచ్చత్రం ఎప్పుడు సచ్చిపోనాదే?"

దూరం ఇంకా తేలలేదు, వెయ్యి కోట్ల ఏళ్ళ కిందట కావచ్చన్నాను.

"వెయ్యి కోట్ల ఏళ్ళ కిందట సచ్చిపోయిన దానికి ఇప్పుడు తొందరేటి?"

కర్ర మీద వాలి నవ్వినవాళ్ళు కొందరు, రోడ్డు మీద కూలబడి నవ్వినవాళ్ళు కొందరు. ఆ వెలుగు ఇన్నాళ్ళూ నడిచి నడిచి ఇవాళే మన దగ్గరికి వచ్చిందనీ, ఇవాళే దాటిపోతుందనీ నేను అరుస్తూనే ఉన్నాను. అరిచిన కొద్దీ వాళ్ళకు నవ్వు ఎక్కువైంది. ఆడాల్సిందే అన్నారు. ముగ్గురం ఆడాం. రవిబాబు ఈసారి బూట్లు విప్పి పక్కన పెట్టాడు. అడుగు బాగానే పడుతోంది, పైగా కోపంతో నేను తప్పు వేస్తుంటే "ఎడమండీ, ఎడమ" అని నాకే చెబుతున్నాడు. కర్ర లేచేసరికి పన్నెండు కావస్తోంది.

పనసవలస దగ్గర నన్ను మాట్లాడొద్దని పెద్దమ్మ ముందే చెప్పింది. బండి దిగి, కొంగు బొడ్లో దోపుకుని, కర్ర పట్టుకున్న ముసలమ్మతో నింపాదిగా మాట్లాడింది.

"నచ్చత్రం ఒకటి సచ్చిపోనాది అక్కా. పోయేటప్పుడు ఒక ఎలుగొచ్చింది. దాని సుట్టూ పొగుంది. ఆ ఎలుగు పొగలోంచే రావాల గదా. వచ్చేటప్పుడు ఆ ఎలుగే పొగని తినేత్తాది. పొగ ఉన్నప్పుడు ఒకపాలి, తినేసాక ఒకపాలి సూత్తే, ఆ నచ్చత్రం బతికున్నప్పుడు ఏటి ఇడిసిందో తెలుత్తాది. అది సూసే పని మా సోములమ్మ గుంటది. మద్దేనం దాటితే మరి దొరకదు."

నేను బండి పక్కన అలాగే నిలబడిపోయాను. నాలుగేళ్ళుగా పొయ్యి దగ్గర నేను వాగుతుంటే పెద్దమ్మ చోళ్ళు చెరుగుతూ, కట్టె ఎగదోస్తూ, మధ్యలో ఆవలిస్తూ ఉండేది. వినడం లేదనే అనుకున్నాను. నా థీసిస్ మొదటి అధ్యాయంలో ఎనిమిది పేజీలు పట్టిన సంగతిని ఆవిడ తమలపాకు నములుతూ చెప్పేసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందనుకుని రవిబాబు తన రుమాలు ఇచ్చాడు.

ఊరికే వదిలితే తమ కర్రకు మర్యాద ఉండదంది ముసలమ్మ. పెద్దమ్మ తడుముకోకుండా, తనను ఉంచుకోమంది. వాళ్ళిద్దరినీ పంపితే సాయంత్రం దాకా ముగ్గురి ఆటా తానే ఆడతానంది. అరవై దాటిన మనిషి. కర్ర లేచింది. కొండ మీదికి మట్టిదారి వానకు జారుడుగా ఉంటే, ఆ ఊరి ఆడపిల్లలు నలుగురు మా వెంటే వచ్చి బండిని వెనకనుంచి తోశారు. వెనక్కి చూస్తే పెద్దమ్మ అప్పుడే వరసలో మధ్యన నిలబడి పాట ఎత్తుకుంది.

టవరు కింద గదిలో రవిబాబు దూరాడు. ఇంతసేపూ అడుగు తడబడిన మనిషి, ఆ పెట్టె ముందు కూర్చోగానే వేరే మనిషైపోయాడు. కాలిపోయిన కార్డు ఊడబీకి సంచిలోది పెట్టాడు, జనరేటరును నాలుగుసార్లు బతిమాలి అయిదోసారికి లేపాడు. పన్నెండూ యాభైకి చిన్న పచ్చ దీపం వెలిగింది. నా ఫోను ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టి నిమిషం దాకా ఆగలేదు. సురేంద్ర గారివే పదిహేను మెసేజీలు. చూశారా, ఉన్నారా, నేను తీసుకోనా. చివరిది పది నిమిషాల కిందటిది. మొత్తం చూశాననీ, మామూలుగానే ఉందనీ, ఒక్క అవకాశాన్ని దీనికి ఖర్చు చేయక్కర్లేదనీ.

పనసచెట్టు వేరు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. మన పాలపుంతలో ఉన్న వాయువు ఎంత మింగుతుందో ముందే తెలుసు, దాన్ని తీసేశాను. మిగిలింది ఆ నక్షత్రం వైపుది. అన్నీ కలిపి చూస్తే ఆయన చెప్పింది నిజమే, మామూలుగానే ఉంది. అప్పుడు వెలుగును రెండు ముక్కలు చేశాను. మొదటి నూట యాభై సెకన్లు ఒకటి, ఆ తర్వాతది ఒకటి. మొదటి ముక్కలో తక్కువ శక్తి దగ్గర పెద్ద గుంట ఉంది. రెండో ముక్కలో ఆ గుంట సగం పూడిపోయింది. మెరుపు తోక, అంటే ఆరిపోతూ మిగిలిన వెలుగు, రంగు మారినా ఇలాగే కనపడి మోసం చేస్తుంది కాబట్టి, లెక్కలో ఆ మార్పుకు విడిగా చోటిచ్చి మళ్ళీ చూశాను. గుంట అక్కడే ఉంది. వాయువు మెరుపుకు బాగా దగ్గరగా ఉంటేనే అలా జరుగుతుంది. ఆ వెలుగు వాయువులోని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేస్తుంది, ఇక అవి మింగలేవు. పెద్దమ్మ భాషలో, ఎలుగు పొగను తినేసింది.

రెండు బొమ్మలూ సురేంద్ర గారికి పంపి, ఆయన జవాబు కోసం ఆగకుండా అర్జీ నింపాను. ఒకటీ ముప్ఫై ఎనిమిదికి వెళ్ళింది. ఒకటీ నలభైకి ఆయన ఫోను చేశారు. బొమ్మలు చూశాననీ, తాను విడదీసి చూడలేదనీ, మీరు చేసిందే సరైనదనీ చెప్పారు. ఆ ఒక్క మాటకు నాకు ఎగిరి గంతేయాలనిపించింది. తర్వాత ఆయన అదే మర్యాదతో అడిగారు, మూడున్నర గంటలు ఎక్కడున్నారు, సిగ్నలు పోయిందా అని.

అవునంటే సరిపోయేది. గాలివాన, తెగిన తీగలు, ఆగిన టవరు, అన్నీ నిజాలే. కానీ అవునంటే తప్పు మా కొండ మీదికి పోతుంది, ఇక్కడి నుంచి ఈ పని కుదరదని ఆయన ఫిబ్రవరిలో అన్నమాట నిజమైపోతుంది. తప్పు కొండది కాదు.

"టవరు బాగుచేసే మనిషి తొమ్మిదిన్నరకే వచ్చాడండి. పండగకు దారి కట్టి అతన్ని ఆపింది నేనే. సంచి లాక్కున్నాను, ఏం పనో అడగలేదు."

"ఆపి?" అన్నారాయన.

"డాన్సు చేయించాం."

పక్కనే చేతులు తుడుచుకుంటున్న రవిబాబు ఫోను వైపు వంగి, "మొత్తం అయిదు సుట్లండి" అన్నాడు. సురేంద్ర గారు సరేనని ఫోను పెట్టేశారు. నవ్వారో, కోప్పడ్డారో నాకు తెలియలేదు. డ్యూటీ గురించి ఒక్కమాట అనలేదు, నేను అడగలేదు.

నాలుగు గంటలకు అర్జీ ఒప్పుకున్నట్టు కబురొచ్చింది. కొండ దిగి పనసవలస వెళ్ళేసరికి పెద్దమ్మ ఇంకా ఆడుతూనే ఉంది. ఆవిడను పట్టుకున్న ఊరివాళ్ళే అలిసిపోయి అరుగుల మీద కూలబడి ఉన్నారు. సంగతి చెప్పగానే మళ్ళీ లేచారు. ఆ చుట్టు నేను ఆడినట్టు నా జన్మలో ఎప్పుడూ ఆడలేదు, ఒక్క అడుగు తప్పలేదు. చీకటి పడకముందే మా ఊరు చేరాం. వేటకు పోయినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చారు, మేము సంతోషంగా పేడనీళ్ళు పోశాం. మూడో దొప్ప అంబలి రవిబాబు సగమే తాగాడనీ, అందుకే వేట దొరకలేదనీ పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది.

పెద్ద ఉపగ్రహం పంపిన స్పెక్ట్రమ్ మేము అనుకున్న దానికంటే బాగా వచ్చింది. ఇనుమూ, ఆక్సిజనూ ఉన్న వాయువు నక్షత్రానికి దగ్గరగా ఉండేదని తేలింది, చనిపోకముందు అది తన ఒంటి మీంచి వదిలిన వాయువే అయ్యుంటుందని రాసుకున్నాం. పేపరులో నా పేరు ముందుంది. అయినా నాకు లోపల ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. కొత్త ఏడాది డ్యూటీల పట్టిక కోసం రోజూ మలుపులో నిలబడి చూసేదాన్ని. బెంగుళూరులో హాస్టళ్ళ వివరాలు కూడా ఒకసారి వెతికి, ఎవరూ చూడకుండా మూసేశాను.

జూన్‌లో సురేంద్ర గారి ఈమెయిలు వచ్చింది. పట్టిక ఇంకా పూర్తి కాలేదు, మీకు ఆరు వారాలు వేస్తున్నాను, మీ పండగ ఏ తేదీన వస్తుందో చెబితే ఆ వారం తప్పిస్తాను అని. నేను పరుగున ఇంటికెళ్ళి పెద్దమ్మనడిగాను. ఆవిడ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. పెద్దలు కూకోకండా పండగ ఎప్పుడో ఎలా తెలుత్తాదంది. అదే రాశాను. ఊరి పెద్దలు కూర్చుని చెప్పేదాకా తేదీ ఉండదండి, మార్చి చివర కావచ్చు, ఏప్రిల్‌లో ఎప్పుడైనా కావచ్చు.

గంట తర్వాత జవాబొచ్చింది. మలుపులో నిలబడి ఒకసారి నాలో నేను చదువుకున్నాను. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర పెద్దమ్మకు పైకి చదివాను.

"మార్చి పదిహేను నుంచి ఏప్రిల్ ముప్ఫై దాకా డ్యూటీలో నేను కూర్చుంటాను. మీరు కర్ర పట్టుకోండి."

పెద్దమ్మ చెరుగుతున్న చేట పక్కన పెట్టి, మళ్ళీ ఒకసారి చదవమంది.